ఒక పగటి కిరాయి: హనుమకొండ నుంచి గోదారి దాకా

ఇటలీ చూసొచ్చిన మన అమెరికా చుట్టాలు వరంగల్‌లో దిగగానే అడిగే మాట ఒకటుంది. నేపుల్స్‌లో ఒక్క పగటికి కారు మాట్లాడుకుంటే పొద్దున వెసూవియస్ అగ్నిపర్వతం ఎక్కించి, మధ్యాహ్నానికి పాంపేయి శిథిలాల్లో తిప్పి, చీకటి పడేలోపు హోటల్ దగ్గర దించారట. క్రీ.శ. 79లో ఆ కొండే పేలి ఆ ఊరిని బూడిదలో పూడ్చింది కాబట్టి రెండింటికీ ఒకే కథ సరిపోతుంది, ఒకే గైడూ సరిపోతాడు. "మన దగ్గర అట్లాంటిది ఏమన్నా ఉందా, ఒక్క రోజులో అయిపోయేది?" అని వాళ్ల ప్రశ్న.

ఉందనే చెబుతాను. మండే అగ్నిపర్వతం మాత్రం మన నేల మీద దొరకదు. దేశం మొత్తంలో ఉన్నది ఒక్కటే, అండమాన్ సముద్రంలో బారెన్ దీవి. అయినా హనుమకొండ నుంచి మేడారం మీదుగా గోదారి దాకా పోయే దారిలో భూమి కడుపులోని నిప్పుకు గుర్తులున్నాయి, ఎవరు కట్టారో పేరు కూడా మిగలనంత పాత కట్టడాలూ ఉన్నాయి. వాటిని ఏ వరుసలో చూడాలి, వేటిని వదిలేయాలి అన్నదే అసలు చిక్కు. ఆ దారిలో చూడదగ్గవన్నీ ఒకే పగటిలో కుక్కితే చివరికి గుర్తుండేది కారు సీటొక్కటే.

ముందు బండి సంగతి. నలుగురైదుగురుంటే ఇన్నోవా, పది మందైతే తుఫాన్. కిరాయి మాట్లాడేటప్పుడు కిలోమీటరు లెక్కనా, రోజు లెక్కనా, డీజిల్ ఎవరిది, డ్రైవర్ బత్తా ఎంత అన్నది తెగ్గొట్టుకోవాలి. "మేడారం పోయి రావాలె" అని ఊరుకుంటే డ్రైవరన్న నేరుగా తీసుకుపోయి నేరుగా తీసుకొస్తాడు. రామప్ప, ఘనపురం, దామరవాయి, ఏటూరునాగారం అని పేర్లన్నీ ముందే చెప్పాలి. సద్ది కట్టుకుంటే ఇంకా మంచిది.

పొద్దు పొడవకముందే వేయిస్తంభాల గుడి దగ్గర పది నిమిషాలు ఆగండి, ఎక్కువ వద్దు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఈ త్రికూటాలయంలో నునుపు తేలిన నల్లరాతి నంది ఉంది. ఆ రాయిని ఇప్పుడే కంటికి అలవాటు చేసుకుంటే రామప్పలో పని తేలికవుతుంది. వెనక ఉన్న కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పదీశాక, ఏళ్ల తరబడి ఆగి ఆగి మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 వచ్చింది. కాకతీయుల రాళ్లను విప్పడం సులువే, పేర్చడమే కష్టమని ఈ దారిలో ఇంకోచోట కూడా తెలుస్తుంది.

ములుగు రోడ్డు ఇప్పుడు 163వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు నుంచి వచ్చి, ఏటూరునాగారం దగ్గర గోదారి దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు పోతుంది. ఆత్మకూరు, మల్లంపల్లి దాటి ములుగు చేరే ముందు గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయే బండి ఏదైనా ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టాకే ముందుకు కదులుతుంది. మీకు మొక్కులున్నా లేకున్నా ఆగక తప్పదు, డ్రైవరన్న ఎలాగూ ఆపుతాడు.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే పాలంపేట. రామప్ప గుడికి మాత్రం రెండు గంటలు ఇవ్వండి, మిగతా రోజంతా పిసినారితనం చేసినా సరే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. ప్రపంచ వారసత్వ జాబితాలో యునెస్కో చేర్చింది 2021 జులైలో. ఇంతవరకు గైడు కూడా చెబుతాడు. మీరు రంగు చూడండి. గోడలు ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, వాటి పైనున్న దూలాలు, చూరు కింద ఒరిగి నిలబడ్డ మదనికలు నల్లరాయి. ఎర్రరాయి ఎండకూ వానకూ అరిగి మొహాలు చెరిపేసుకుంది. నల్లరాయి ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా అద్దంలా మెరుస్తుంది. ఒక మదనిక తొడ మీద నగ నీడ పడినట్టు చెక్కిన గీత కూడా చెరగలేదు.

ఆ నల్లరాయి డోలరైట్. మన చుట్టాలు అడిగిన నిప్పు ఇదే. వంద కోట్ల ఏళ్లకు ఎంతో ముందు, గ్రానైటు నేలకు పడ్డ పగుళ్లలోకి కింది నుంచి కరిగిన రాయి ఎక్కింది. పైకి వచ్చి పొంగి ఉంటే లావా అయ్యేది. చాలావరకు రాలేదు, పగుళ్లలోనే ఆగి మెల్లగా చల్లారింది. అందుకే దానికి గాలిబుడగల బొక్కలు లేవు, ఉలికి మొండి. తెలంగాణలో గ్రానైటు గుట్టల మధ్య అడ్డంగా సాగిపోయే నల్లటి వరుస రాళ్లు ఇట్లా పుట్టినవే. అంటే బద్దలు కాని అగ్నిపర్వతపు రాతితో రేచర్ల రుద్రుడి శిల్పులు నాట్యం చేయించారు. సూది పట్టేంత సందులు తొలిచారు. సొరంగం తవ్వేవాళ్లను విసిగించే రాయిలో ఆ పనితనం ఎట్లా సాధ్యమైందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

శిఖరం సంగతి ఇంకా చిత్రం. దాన్ని కట్టిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. అగ్నిపర్వతాలు కక్కే రాళ్లలో ప్యూమిస్ ఇట్లాగే తేలుతుంది, వాయువు నురగతో గడ్డకట్టడం వల్ల లోపలంతా బోలు. పాంపేయి మీద మొదట కురిసిందీ ఆ రాయే. ఇక్కడ అదే బోలుతనాన్ని కొలిమిలో పుట్టించారు. మట్టిలో కాలిపోయే పదార్థమేదో కలిపి కాల్చితే అది పోయిన చోట రంధ్రాలు మిగిలి ఇటుక తేలికవుతుందని ఒక వివరణ. శిఖరం బరువు తగ్గితే కింద రాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. పునాది కింద ఇసుక పోసి దాని మీద కట్టడం లేపారు కాబట్టి నేల కదిలినా కొంత సర్దుకుంటుంది. రంగమండపంలో నడిచి చూడండి, నేల ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. గుడి కదలకుండా లేదు, కదిలి నిలబడింది.

పక్కనే కామేశ్వరాలయం రాళ్లు కనిపిస్తాయి. పడిపోయేలా ఉందని విప్పి, రాయి రాయికీ నంబరు వేసి పేర్చి, మళ్లీ కట్టే పని ఏళ్ల తరబడి సాగింది. శిథిలం ఎట్లా ఉంటుందో చూడాలన్నవాళ్లకు గుడి కన్నా ఆ నంబర్లే ఎక్కువ చెబుతాయి.

ఇక్కడ అందరూ లక్నవరం పోదామంటారు. చల్వాయి దగ్గర తిరిగితే చెరువు, వేలాడే వంతెన, పడవలు. కాకతీయుల చెరువే, అందమైనదే. కాని ఒక్క పగటి ప్రయాణంలో అది పూట మింగేస్తుంది. దాన్ని వదిలేసి ఆ సమయంలో పాలంపేట నుంచి దగ్గరలోనే ఉన్న ఘనపురం కోటగుళ్లకు పొమ్మంటాను. మట్టికోట లోపల రాతి ప్రాకారం, అందులో ప్రధాన గుడి చుట్టూ చిన్నాపెద్దా కలిపి ఇరవైకి పైగా గుళ్లు. కొన్నింటికి కప్పు లేదు, కొన్ని గడ్డిలో ఒరిగాయి. ఏనుగును తొక్కుతున్న గజకేసరి విగ్రహాలు దూలాల కింద ఇంకా బరువు మోస్తున్నట్టే ఉంటాయి. టికెట్ల వరుస లేదు, సెల్ఫీల తోపులాట తక్కువ.

మళ్లీ పెద్ద రోడ్డెక్కాక దారి స్వభావం మారుతుంది. గ్రానైటు గుట్టలు పలచబడి ఇసుకరాతి కొండలు, టేకు అడవి మొదలవుతాయి. పస్రా దగ్గర రెండు దారులు. మేడారం జాతర రోజుల్లో సొంత బండ్లను పస్రా, నార్లాపూర్ మీదుగా పంపి, ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా నడిపిస్తారు. మామూలు రోజుల్లో ఆ నియమం లేదు. అయినా పస్రా నుంచి పోయి తాడ్వాయి నుంచి బయటికి రండి, ఒక్క దారినే రెండుసార్లు చూసే పని తప్పుతుంది.

మేడారం ముందు జంపన్న వాగు. ఒకప్పుడు దీన్ని సంపెంగ వాగు అనేవారు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయల మీదికి ప్రతాపరుద్రుడి సేన వచ్చిందని, యుద్ధంలో కోయల వేల్పు సమ్మక్క కొడుకు జంపన్న ఈ వాగులోనే ప్రాణం విడిచాడని, అప్పటి నుంచి ఆ పేరు వచ్చిందని జనం చెప్పుకునే చరిత్ర. పొద్దున మీరు మెచ్చుకున్న వేయిస్తంభాలూ, రామప్పా ఎవరి ఏలుబడిలో లేచాయో గుర్తు తెచ్చుకోండి. ఒకే రోడ్డు మీద కప్పం పుచ్చుకున్నవాళ్ల రాతికట్టడాలు ఒక చివర, కప్పం ఎగ్గొట్టినవాళ్ల వాగు ఇంకో చివర. ఈ దారిని ఈ వరుసలోనే పోవాలని నేను పట్టుబట్టేది అందుకు.

ఆ రెండో చివరన విగ్రహం లేదు. గద్దెలున్నాయి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజుల జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. నాలుగో రోజు అందరూ వనప్రవేశం చేస్తారు, గద్దెల మీద బెల్లం మిగులుతుంది. దాన్నే బంగారం అంటారు, తమ బరువుకు సరితూగేంత బెల్లం మొక్కితే నిలువెత్తు బంగారం. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. దానికి ముందు గద్దెల చుట్టూ రాతి కట్టడాలు, తోరణాలు కొత్తగా లేపారు, రాళ్ల మీద కోయల బొమ్మలు చెక్కించారు. తొక్కిసలాట తగ్గడానికి చోటు పెంచడం అవసరమే, కాదనను. కాని రాయి అక్కర్లేకుండానే ఇన్ని తరాలు నిలిచిన చోటికి రాయి రావడం నాకైతే కాకతీయులు ఆలస్యంగా గెలిచినట్టు అనిపించింది.

జాతర లేని రోజున పోతే చుట్టాలు "ఇంతేనా?" అంటారు. అననివ్వండి. గద్దెలు, నాలుగు కొబ్బరికాయల దుకాణాలు, చెట్ల కింద కోడి కూర వండుకునే కుటుంబాలు, అంతే. కోటి మంది వచ్చారని లెక్కలు చెప్పే చోట కూర్చుని తాపీగా అన్నం తినడం కూడా చూడదగ్గదే. సద్ది ఇక్కడే విప్పండి. ఎంగిలి ప్లాస్టిక్ మాత్రం అడవిలో వదలకండి.

మేడారం, తాడ్వాయి మధ్య అడవిలో డ్రైవరన్నను నెమ్మదిగా పోనిమ్మనండి. 2024 ఆగస్టు 31న సుడిగాలి లాంటి గాలివాన ఒకటి ఇక్కడ యాభై వేల దాకా చెట్లను నేలకూల్చింది. వేళ్లతో సహా పెకలించినవి, నడుములకు విరిగినవి, అన్నీ మహావృక్షాలే. మూడు నెలలు గడిచాయో లేదో, డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు కాస్త ముందు భూమి కంపించింది. తీవ్రత 5.3, కేంద్రం మేడారం పరిసరాలే. హైదరాబాదులో కూడా గిన్నెలు కదిలాయి. ఈ రెంటికీ సంబంధం అంటగట్టి అప్పట్లో చాలా ప్రచారం నడిచింది గాని గాలికి భూకంపం పుట్టదు. గోదారి పారే ఈ పొడవాటి లోయ, రెండు వైపులా పగుళ్ల మధ్య నేల కుంగిపోగా ఏర్పడ్డది. ఆ గుంతలో పేరుకున్న పాతకాలపు అడవులే భూపాలపల్లిలో, మణుగూరులో సింగరేణి తవ్వే బొగ్గు. పగుళ్లు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలింది కూడా ఈ లోయే.

తాడ్వాయి మండలంలోనే దామరవాయి. ఊరి దాకా బండి, ఆపైన అడవిలో కాలినడక, కొండ ఎక్కాలి. ఊళ్లో ఒకరిని తోడు తీసుకోకుండా పోవద్దు, వాళ్ల పూట కూలి ఇవ్వడం మరవద్దు. పైన రాకాసి గుళ్లు. మనిషి ఎత్తు ఇసుకరాతి పలకలు నాలుగు వైపులా నిలబెట్టి, నెత్తిన ఏనుగు వీపంత బండ మోపిన సమాధులు. ఒకటీ రెండూ కాదు, కొండంతా వరసలు. కొన్నింటి లోపల ఒకే రాతిలో తొలిచిన తొట్టి ఉంటుంది, చనిపోయినవారి ఎముకలకు. రెండు వేల ఏళ్ల పైమాటే. ఇదే గోదారి లోయలో మల్లూరు, కాటాపురం వైపు ఉన్న ఇట్లాంటి సమాధుల గురించి ముల్‌హెరాన్ అనే సర్వేయర్ పందొమ్మిదో శతాబ్దంలోనే రాశాడు. కొన్ని చోట్ల వాటి పక్కన శిలువ ఆకారంలో చెక్కిన మనిషి రాళ్లు నిలబడి ఉండడం చూసి అప్పటి వాళ్లు క్రైస్తవం దాకా ఊహలు పోయారు. రాకాసులు కట్టారన్న ఊరి మాటే నయం, కనీసం బండ బరువును లెక్కలోకి తీసుకుంది.

ఇక వానాకాలం మాట. జులై, ఆగస్టుల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. 2023 జులైలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందు ఎన్నడూ నమోదు కాని వాన. ఆ నీళ్లతో ఉప్పొంగిన జంపన్న వాగు మేడారానికి దిగువన కొండాయి ఊరి మీద పడి ఎనిమిది మందిని మింగింది. జాతరకు గోవిందరాజు బయలుదేరే ఊరే అది. వాగు అక్కడి నుంచి ఏటూరునాగారం వైపు పోయి గోదారిలో కలుస్తుంది. జాతరలో మోకాటి లోతున స్నానాలు చేసే వాగు అదేనంటే నమ్మడం కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. ఎండాకాలంలో దామరవాయి కొండ ఎక్కించడం పాపం.

తాడ్వాయి నుంచి ఏటూరునాగారం మీదుగా గోదారి మీది ముల్లకట్ట వంతెన చేరేసరికి పొద్దు వాలుతుంది. వంతెన అవతల వాజేడు వైపు బొగత జలపాతం ఉందని, పోనీ అని డ్రైవరన్న నోరూరిస్తాడు. చీకట్లో జలపాతం చూసేదేముంది, వెనక్కి తిప్పమనండి. రాత్రి భోజనానికి హనుమకొండ అందుకోవచ్చు.

ఇంతా తిరిగాక కూడా "పొగ కనబడలేదే" అని పెదవి విరిచేవాళ్లు ఉంటే వాళ్లకు ఇంకో దారి ఉంది. ఏటూరునాగారం నుంచి గోదారి వెంటే మంగపేట మీదుగా దిగితే మణుగూరు. అక్కడ పగిడేరు దగ్గర బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే ఎగజిమ్మాయి. కింద లావా ఏమీ లేదు, పగుళ్ల వెంట లోతుకు దిగిన నీరు భూమి వేడికి కాగి పైకి వస్తోంది. ఆ వేడితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని ప్రయోగంగా పెట్టింది. దానికి మాత్రం ఇంకో రోజు కిరాయి, బత్తా వేరు.