మీరు తినలేరు సార్

ఢిల్లీలో ఉన్న ఏడేళ్ళలో నాకు దొరికిన మంచి హోటళ్ళన్నింటికీ ఒకటే గుర్తు. లోపల అడుగుపెట్టగానే అక్కడివాళ్ళు నన్ను చూసి సంతోషపడలేదు. అలాగని విసుక్కోనూ లేదు. పాపం, ఈయన దారి తప్పి వచ్చాడేమో అన్నట్టు చూశారు, అంతే.

సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ పక్కన, డీర్ పార్కు దగ్గర హుమాయూన్‌పుర్ అని ఒక ఊరుంది. ఊరనే అనాలి. నగరం నాలుగు వైపుల నుంచీ కమ్ముకొచ్చి మింగేసినా అరగని పాత పల్లె అది. ఇళ్ళవాళ్ళు జాట్లు. అద్దెకున్నవాళ్ళలో చాలామంది నాగాలాండ్, మణిపూర్, మిజోరం, అరుణాచల్ నుంచి చదువుకో ఉద్యోగానికో వచ్చిన పిల్లలు. గల్లీలో నులకమంచం మీద హుక్కా పీలుస్తూ తాతగారు. ఆయన నెత్తి మీది రెండో అంతస్తులో, ఇరుకు మెట్లెక్కితే, ఎండు మిరపకాయా పొగవాసనా కలిసిన నాగా హోటలు. నేను వెళ్ళిన రోజున అక్కడ ఆరు బల్లలు, అన్నిటి దగ్గరా కుర్రకారు. మెనూ కార్డు ఒక్క కాగితం. అఖూనీ వేసిన పంది మాంసం కావాలన్నాను. ఆ అమ్మాయి పెన్సిలు ఆపి, హిందీలో మెల్లిగా చెప్పింది.

"అది వద్దు సార్. వాసనొస్తుంది. మీరు తినలేరు. చికెన్ మోమో తెమ్మంటారా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతకుముందు వారమే ఒక పెద్ద మాల్‌లో, 'అథెంటిక్' అని గోడంత అక్షరాలతో రాసుకున్న చోట, దేశంలో ఉన్న సగం రాష్ట్రాల వంటలూ ఒకే కార్డు మీద చూసి, ఒకే గ్రేవీలో తిని వచ్చాను. అక్కడ అందరూ నవ్వుతూ స్వాగతం పలికారు. ఇక్కడ ఈ పిల్ల తన ఊరి వంటని నా నుంచి కాపాడుకుంటోంది. ఇదే సరైన చోటు.

అఖూనీ అంటే సోయా గింజల్ని ఉడకబెట్టి, ఆకుల్లో చుట్టి, పొయ్యికి దగ్గరగా కొన్నాళ్ళు పులియబెట్టినది. నాగాల్లో సుమీ తెగవాళ్ళకి ప్రాణం. కంచం వచ్చింది. ఒక పక్క అన్నం గుట్ట, పక్కనే నల్లటి ముద్దకూరలో పొగబెట్టిన మాంసం ముక్కలు, ముక్కకో వేలెడు కొవ్వు. ఉప్పు కూడా సరిగ్గా పడని ఉడికించిన ఆకుకూర ఒక గిన్నెలో. అంచున చిటికెడంటే చిటికెడు రాజామిర్చి పచ్చడి. వంగి వాసన చూశాను. నాగాలాండ్ ఎందుకు గుర్తొస్తుంది, నేనెప్పుడూ వెళ్ళందే! నాకు గుర్తొచ్చింది భీమిలి. మా అమ్మమ్మ పెరట్లో ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే వీధి చివరికి వచ్చే వాసన. అదే ఘాటు, అదే మొండితనం. ముందు ముక్కు వద్దంటుంది, నాలుగో ముద్దకి నోరు ఇంకా కావాలంటుంది.

నెత్తళ్ళంటే ఇంకో సంగతి. నేనున్న బర్సాతీ, అంటే మేడ మీది ఒంటిగది, అద్దెకిచ్చేటప్పుడు ఇంటావిడ అడిగిన మొదటి ప్రశ్న నా జీతం గురించి కాదు, 'నాన్ వెజ్ వండరు కదా?' అని. వండనన్నాను. ఒక డిసెంబరు రాత్రి, మా ఊరి నుంచి వచ్చిన పొట్లం చూసి ఆగలేక, తలుపూ కిటికీ బిగించి గుప్పెడు నెత్తళ్ళు వేయించాను. తెల్లారేసరికి మెట్ల మీద ప్రతి అంతస్తులోనూ అగరొత్తులు వెలుగుతున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. అగరొత్తులే అన్నీ అన్నాయి.

ఈశాన్యం పిల్లలకైతే చెప్పే తీరే వేరు. 2007లో ఢిల్లీ పోలీసులు వాళ్ళకోసం ఒక చిన్న పుస్తకం వేసి, అందులో వెదురు కొమ్ములు, అఖూనీ లాంటి వాసనొచ్చే వంటలు చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది లేకుండా చేసుకోండని సలహా చెప్పారు. 2019లో వచ్చిన 'అఖూనీ' సినిమా కథంతా ఇదే. హుమాయూన్‌పుర్‌లో స్నేహితురాలి పెళ్ళికి ఈ కూర వండాలని కొందరు పిల్లలు ఇంటింటికీ పొయ్యి వెతుక్కుంటూ తిరుగుతారు. వెదురు కొమ్ములంటే మన మన్యంలో కూర వండుకునేవే కదా, అదేమంత నేరమని మనకనిపిస్తుంది. కానీ గదిలో వండుకునే దిక్కులేని చోటే హోటలుకి గిరాకీ. ఆ రెండో అంతస్తు బల్లలు నా కుతూహలం కోసం వెలిసినవి కావు. గదిలో పొయ్యి లేనివాళ్ళవి, ఉన్నా వెలిగించే ధైర్యం లేనివాళ్ళవి. నేను ఆ పంక్తిలో చివర కూర్చున్న చుట్టాన్ని.

ఆ తర్వాత వెతకడం సులువైంది. నగరంలో ఎవరు ఇంటికి దూరంగా ఉన్నారు, ఎక్కడ ఉన్నారు అని అడిగితే చాలు, వంట అక్కడే దొరుకుతుంది. లాజ్‌పత్‌నగర్ దేశవిభజనలో పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళకి కట్టిన కాలనీ. తర్వాత ఆఫ్ఘన్లు చేరారు, కొందరు యుద్ధం తరిమితే వచ్చినవాళ్ళు, కొందరు దక్షిణ ఢిల్లీ ఆసుపత్రులకి వైద్యం కోసం వచ్చినవాళ్ళు. మందుల షాపుల బోర్డుల మీద కూడా వాళ్ళ లిపి కనిపిస్తుంది. మూరెడేసి నాన్‌రొట్టెలు కట్టగట్టి, చంకలో పెట్టుకుని పోతారు, మనం అరిటాకులు తీసుకెళ్ళినట్టు. అక్కడ ఒక హోటల్లో కాబూలీ పులావ్ చెప్పాను. పొడుగు గింజల అన్నం, పైన తీపెక్కిన క్యారెట్ తరుగు, కిస్మిస్, అడుగున కుక్కినట్టు దాచిన పెద్ద మాంసం ముక్క. కమ్మగా ఉంది. మిరపకాయ జాడ మాత్రం లేదు. నాలుగు ముద్దలయ్యాక మొహమాటం విడిచి, కాస్త కారం ఉందా అని అడిగాను. యజమాని గడ్డం నిమురుకుని, "కారం కావాలంటే పక్క సందులో బిర్యానీ దొరుకుతుంది" అన్నాడు. మాట కరుగ్గా లేదు. కానీ నాకోసం ఆ గిన్నెలో ఒక్క మిరపకాయ కూడా పడదని తేలిపోయింది. తల వంచుకుని తిన్నాను. మనకి చప్పగా ఉంటే వంట తప్పని అనుకునే జబ్బు, పెసరట్టులో కూడా పచ్చిమిర్చి కొరికే నాలాంటివాళ్ళకి త్వరగా వదలదు.

దానికి బదులు తీర్చుకోబోయి యమున ఒడ్డున మజ్నూ కా టీలాలో భంగపడ్డాను. 1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చినవాళ్ళ కాలనీ అది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సిన సందులు. ఒక మూల ముసలావిడ పీటేసుకుని లాఫింగ్ అమ్ముతోంది. పెసర పిండితో చేసిన చల్లటి జారుడు పొర, దాన్ని చాపలా చుట్టి, కోసి, వెల్లుల్లి నీళ్ళూ మిరప నూనే పోస్తారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కారం తగ్గించనా?" అంది. ఆంధ్రావాడిని పట్టుకుని! తగ్గించవద్దు, ఇంకో గరిటె వెయ్యమన్నాను. తర్వాత ఏం జరిగిందో రాయను. పక్కనున్న చిన్న బౌద్ధ భిక్షువు ఒకడు తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టాడని మాత్రం చెప్పగలను.

చిత్తరంజన్ పార్కు సంగతి పొడుగ్గా చెప్పను. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళ పేట. ఇలీషు చేప ఆవపిండితో వండిపెడితే, ఆవ పెట్టిన పనసపొట్టు తిని పెరిగిన నాకు వాళ్ళు పరాయివాళ్ళని అనిపించలేదు. పైగా ఆ ఇలీషే గోదావరికి ఎదురీదితే మనకి పులస. ఇలాంటి పూటల్ని ఇంగ్లీషు పత్రికల్లో 'ఎత్నిక్' అంటారు. ఆ మాట ఎవరూ తమ ఇంటి అన్నానికి వాడుకోగా నేను వినలేదు.

ఇంతాచేస్తే నేనూ ఎత్నిక్కే అని తెలిసింది ఇండియా గేట్‌కి దగ్గర్లో, అశోకా రోడ్డు మీద. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి నేను అన్నం మీద బెంగ పుట్టినప్పుడు వెళ్ళేవాణ్ణి. క్యూలో ముందు పంజాబీలు, వెనక బెంగాలీలు, పక్కన పటియాలా హౌస్ కోర్టు నుంచి నల్లకోటుతో వచ్చిన వకీళ్ళు. ఆదివారం బిర్యానీకైతే ఆ వరసలో తెలుగు మాట వినపడితే అదృష్టం. 2014లో రాష్ట్రం రెండయింది గానీ ఢిల్లీవాళ్ళ నోట ఆ పేరు మారలేదు.

ఒక మధ్యాహ్నం నా బల్ల ఎదుట ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. మీరట్‌వాడట. స్టీలు కంచంలో పూరీ, పప్పు, కూర, సాంబారు, పచ్చడి, పెరుగు వరసగా పడుతుంటే ఫోటో తీసుకున్నాడు. నా చేతివేళ్ళు చూసి తెలుగువాణ్ణని పోల్చుకున్నట్టున్నాడు.

"అంకుల్, ఆంధ్రా ఇళ్ళలో అచ్చం ఇలాగే తింటారా?"

అవునందామని నోరు తెరిచి ఆగిపోయాను. మా ఇంట్లో అన్నంలోకి పూరీ ఏనాడూ లేదు. సాంబారు పండగలకీ చుట్టాలకీ, మామూలు రోజుల్లో చారే. పప్పులో మా అమ్మ కాస్త బెల్లం వేసేది, గుంటూరు నుంచి వచ్చిన మా వదిన అది చూసి ఏడాదిపాటు నవ్వింది. అనంతపురం స్నేహితుడైతే రాగి సంగటి లేనిది అన్నమే కాదంటాడు. వీటిలో దేన్ని ఈ పిల్లాడికి హిందీలో చెప్పను? "దాదాపు ఇంతే" అన్నాను. అబద్ధం కాదు.

వాడు కందిపొడి డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. చెంచా నిండా తీసి, వేడన్నం మీద ఉత్తగా చల్లుకుని, రెండో చెంచా కూడా తీశాడు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"చూసుకో బాబూ, కారం. నువ్వు తినలేవు."

అన్నాక గాని తెలియలేదు, ఎవరి మాట అన్నానో. వాడు నవ్వి, కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత కళ్ళు. నీళ్ళ గ్లాసు అందుకోబోతుంటే వెనక నుంచి వడ్డించేవాడు వచ్చాడు, చేతిలో చిన్న నేతి గిన్నె.

"నెయ్యి లేకుండా పొడన్నం ఏంటయ్యా, కడుపు మండదూ!" అని తెలుగులోనే కేకలేసి, అడక్కుండానే గరిటెడు పోశాడు.

కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కంచం మాత్రం ముందుకి జరిపాడు, ఇంకో గరిటె కోసం.