కంప్యూటర్ లోపల కంప్యూటర్: మాయావాదానికి రుజువా?

కొంతకాలంగా మన ఆధ్యాత్మిక ఉపన్యాసకులకు కొత్త ఆయుధం ఒకటి దొరికింది. ఇదివరకు క్వాంటమ్ ఫిజిక్స్ పేరు చెప్పేవారు. అది పాతబడింది. ఇప్పుడు వర్చువల్ మెషీన్ అంటున్నారు. ఇక్కడ జంషెడ్‌పూర్‌లో తెలుగువారి సభలో ఒకాయన చెప్పిన మాటల సారాంశం ఇది: కంప్యూటర్ లోపల లేని కంప్యూటర్‌ని సృష్టిస్తున్నారట. ఆ లేనిదాని లోపల మరో లేనిది నడుస్తోందట. లోపలున్నవాడికి తాను మాయలో ఉన్నానని తెలియదట. కనుక శంకరులు చెప్పిందే సైన్సు రుజువు చేసిందట! చప్పట్లు బాగానే పడ్డాయి.

నేను బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ ఇంజనీరుని కాను. కానీ లేనిది ఉన్నట్టు కనబడుతోందని ఎవరైనా అంటే మా శాఖలో మొదట అడిగే మాట ఒకటుంది: "వోచరు చూపించండి." ఇక్కడా అదే అడగాలనిపించింది. మా మేనల్లుడు బెంగళూరులో లినక్స్ కెర్నెల్ మీద పనిచేస్తాడు. ఇతరులు రాసిన మార్పులు చదివి తప్పులు పట్టడం అతని ఉద్యోగంలో ఒక భాగం. దసరాకి వచ్చినప్పుడు రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకున్నాను.

"మావయ్యా, దీన్ని లెడ్జర్లు అనుకోండి, మీకు తేలికవుతుంది" అన్నాడు. నిజంగానే తేలికైంది.

లెడ్జర్ల సంగతి

కంప్యూటర్ మెమరీని ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్క పేజీ. సాధారణంగా 4096 బైట్లు. ప్రోగ్రాము 50వ పేజీ కావాలంటుంది. అసలు మెమరీలో అది 50వది కానక్కర్లేదు, 9000వది కావచ్చు. ఏది ఎక్కడుందో రాసిపెట్టుకునే పుస్తకమే పేజ్ టేబుల్. పద్ధతి కొత్తదేమీ కాదు. 1962 నాటి మాంచెస్టర్ అట్లాస్ కంప్యూటర్‌లోనే ఉంది.

వర్చువల్ మెషీన్ వచ్చేసరికి పుస్తకాలు రెండవుతాయి. లోపలి కంప్యూటర్ తన పుస్తకం తాను రాసుకుంటుంది. అది అసలు మెమరీ అనుకునేది అసలు కాదు కాబట్టి, ఆ నంబరుని నిజం నంబరుగా మార్చే రెండో పుస్తకం బయటి కంప్యూటర్ దగ్గర ఉంటుంది. 2007, 2008 ప్రాంతాల నుంచి ఏఎండీ, ఇంటెల్ ప్రాసెసర్లు రెండు పుస్తకాలనీ తామే చదువుతున్నాయి. అందుకు ఖర్చు ఉంది. ఒక్కో పుస్తకానికి నాలుగేసి అంచెలుంటే, మామూలుగా 4 సార్లు చూడాల్సిన చోట గరిష్ఠంగా 24 సార్లు మెమరీ చూడాలి.

మరి లోపలి కంప్యూటర్ తన లోపల ఇంకొకటి నడిపితే? పుస్తకాలు మూడు కావాలి. ప్రాసెసర్‌కి రెండే చదవడం వచ్చు. అందుకని అడుగునున్న హైపర్‌వైజర్ (లినక్స్‌లో దాని పేరు కేవీఎమ్, 2007లో కెర్నెల్‌లో చేరింది) ఒక ఉపాయం చేస్తుంది. "నా లోపలివాడి 50వ పేజీ నా 300లో ఉంది" అని మధ్య కంప్యూటర్ రాస్తుంది. "ఆ 300 నిజంగా 9000లో ఉంది" అని కేవీఎమ్ రాసుకుంటుంది. ఈ రెండూ కలిపి "50 అంటే 9000" అని మూడో పుస్తకం తయారుచేసి ప్రాసెసర్ చేతిలో పెడుతుంది. మా భాషలో ఇది కన్సాలిడేటెడ్ లెడ్జరు.

కన్సాలిడేటెడ్ లెడ్జరు ఉన్న ప్రతిచోటా ఒకటే ప్రమాదం. కింది యూనిట్ తన పుస్తకంలో ఎంట్రీ మారుస్తుంది, హెడ్డాఫీసు పుస్తకంలో పాతదే మిగిలిపోతుంది. ఇక్కడ అలా జరిగితే ఏమవుతుంది? 9000వ పేజీని ఈలోగా ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే, పాత ఎంట్రీ పట్టుకుని మొదటివాడు రెండోవాడి పేజీ చదివేస్తాడు. ఒకే సర్వర్‌ని చాలామంది అద్దెకు వాడుకునే ఈ రోజుల్లో ఆ రెండోవాడు ఒక బ్యాంకు కావచ్చు, ఆసుపత్రి కావచ్చు. ఆ పేజీలో మీ రోగం వివరాలు ఉండవచ్చు.

అందుకే రివ్యూ చేసేవాడు వరసగా ప్రశ్నలు వేసుకుంటాడు. ఎంట్రీ మారితే పాత కాపీని ఎవరు కొట్టేస్తారు? కొట్టేసేలోపు ఎవరైనా వాడితే? ఒక పుస్తకం చదవడానికే అనుమతించి, రెండోది రాయడానికి కూడా అనుమతిస్తే కలిపిన పుస్తకంలో ఏది ఉండాలి? (తక్కువ అనుమతే ఉండాలి.) మా అబ్జెక్షన్ పుస్తకంలో రాసే ప్రశ్నలకీ వీటికీ పెద్ద తేడా నాకు కనబడలేదు.

తాబేలు కింద ఏముంది?

ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఈ గొలుసు పద్ధతిని బాగా నడిపి చూపించినవారు ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఐబీఎమ్ పరిశోధకులు. 2010లో పేపరు ప్రచురించారు. మామూలు పనుల్లో, ఒకే అంతస్తు వర్చువల్ మెషీన్‌తో పోలిస్తే వేగం 6 నుంచి 8 శాతం లోపే తగ్గిందని అందులో లెక్క చూపించారు. ఆ ప్రాజెక్టుకి పెట్టిన పేరు "టర్టిల్స్", అంటే తాబేళ్లు. భూమిని ఏనుగు మోస్తోంది, ఏనుగుని తాబేలు మోస్తోంది, మరి తాబేలుని ఎవరు మోస్తున్నారు అన్న పాత ప్రశ్న ఉంది కదా, అది. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు ఎక్కువ. శ్రీకూర్మం గుడి వాళ్లకి కొత్త కాదు. కాబట్టి ఈ ప్రశ్న మనం అడగదగ్గదే.

పురాణంలో ఈ ప్రశ్నకి జవాబు లేదు. కంప్యూటర్‌లో ఉంది! ఎన్ని తాబేళ్లు పేర్చినా అడుగున సిలికాన్ మెమరీ చిప్పు ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న చిప్పు. లోపలి కంప్యూటర్ ప్రతి పేజీ, వాడుకలో ఉన్నంతసేపూ, ఆ చిప్పులో ఫలానా చోట ఉండితీరాలి. చోటు చాలక డిస్కుకి పంపినా ఎక్కడికి పంపారో లెక్క ఉంటుంది. చిప్పు పీకేస్తే అన్ని అంతస్తులూ ఒకేసారి పోతాయి. ఇందులో "లేనిది" ఏది? లేని కంప్యూటర్ కాదిది, ఉన్న కంప్యూటర్‌లో వాటా. ఒక ఇంటిని వాటాలు చేసి అద్దెకిస్తే ఇల్లు మాయ అయిపోతుందా?

ఇక లోపలివాడికి తెలియదన్న మాట. అదీ తప్పే. లోపలి సిస్టమ్ ప్రాసెసర్‌ని ఒక నిర్ణీత ప్రశ్న అడిగితే, కేవీఎమ్ మామూలుగా తన పేరు మూడుసార్లు కలిపి "కేవీఎమ్ కేవీఎమ్ కేవీఎమ్" అని జవాబిస్తుంది. పేరు దాచిపెట్టినా, కొన్ని పనులకి పట్టే సమయం కొలిచి అనుమానించవచ్చు. కొలిచి పట్టుకోగలిగినది పరీక్షకి నిలబడే విషయం. ఎంత కొలిచినా తేలనిది, తేలకపోవడాన్నే రుజువుగా చూపించేది మాయావాదం. రెండింటినీ ఒక గాటన కట్టడం ఏం న్యాయం?

మరి మీది నమ్మకం కాదా?

ఇదంతా చెబితే మన సంఘ మిత్రుడు ఒకాయన నన్ను గట్టిగా నిలదీశాడు. "నీకు సి భాష రాదు. మేనల్లుడు చెప్పాడు, నువ్వు నమ్మావు. వాళ్లు స్వామిని నమ్మారు. తేడా ఏమిటి?" న్యాయమైన ప్రశ్న. దాటవేయకూడదు.

"కోడ్ బహిరంగంగా ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు" అంటే సరిపోదు. చూడవచ్చు అన్నది వేరు, చూశారు అన్నది వేరు. ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే తప్పు 2011 చివరలో బహిరంగ కోడ్‌లోనే చేరి, 2014 ఏప్రిల్ దాకా లోకానికి తెలియలేదు.

కేవీఎమ్‌కీ ఆ అనుభవం ఉంది. 2021లో గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో ఫెలిక్స్ విల్‌హెల్మ్, ఏఎండీ యంత్రాల మీద గొలుసు వర్చువల్ మెషీన్లు నడిపే కోడ్‌లో ఒక తప్పు పట్టుకున్నాడు. మధ్య కంప్యూటర్ ఒక ఫారం నింపి ఇస్తుంది. కేవీఎమ్ దాన్ని తనిఖీ చేస్తుంది, ఆ తర్వాత వాడుకుంటుంది. కానీ ఫారం మధ్య కంప్యూటర్ మెమరీలోనే ఉండిపోయింది. తనిఖీకీ వాడకానికీ నడుమ రెప్పపాటులో దాన్ని మార్చేయవచ్చు. ఆ సందులోంచి అద్దెదారు యజమాని యంత్రాన్నే స్వాధీనం చేసుకోగలడని అతను చేసి చూపించాడు. పాస్ చేసిన బిల్లుని పార్టీ చేతికి తిరిగిచ్చి, అంకె దిద్దుకున్నాక డబ్బు ఇవ్వడం లాంటిది. ఏ అకౌంట్స్ గుమాస్తా అయినా ఉలిక్కిపడే విషయం. దిద్దుబాటు ఏమిటో తెలుసా? ముందు సొంత కాపీ తీసుకో, ఆ కాపీనే తనిఖీ చెయ్యి, ఆ కాపీనే వాడు. అంతే.

ఇప్పుడు తేడా చెబుతాను. ఆ తప్పుకి సీవీఈ-2021-29657 అని నంబరుంది. ఏ వెర్షన్‌లో ఉందో, ఎవరు దిద్దారో అందరికీ కనబడేలా రాసి ఉంది. కెర్నెల్‌లో ప్రతి మార్పు కిందా రాసినవాడి పేరుంటుంది, రివ్యూ చేసినవాడు తన పేరు కూడా చేర్చవచ్చు. అలా చేర్చడానికి కెర్నెల్‌వారు రాసుకున్న ప్రకటనలో ఒక మాట నాకు చాలా నచ్చింది. నేను చదివాను, నా అభ్యంతరాలు చెప్పాను, ఇది చేర్చదగ్గదని అనుకుంటున్నాను, కానీ ఇది సరిగ్గా పనిచేస్తుందని హామీ మాత్రం ఇవ్వను అని దాని అర్థం. హామీ ఇవ్వకుండా, పేరు మాత్రం ఇచ్చే స్వామి మీకు ఎవరైనా తెలుసా? తన తప్పులకి నంబర్లు వేసి జాబితా పెట్టిన పీఠం ఉందా?

నేను మేనల్లుణ్ణి నమ్మలేదు. అతన్ని కూడా పట్టుకోగల ఏర్పాటు ఒకటి ఉందని చూసి, ఆ మేరకే అతని మాట తీసుకున్నాను. రేపు అతని మాట తప్పని తేలితే అది ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. నమ్మకానికీ దీనికీ ఉన్న తేడా అదే.

అయితే ఈ కొలబద్ద స్వాములకే వర్తిస్తే చాలదు. మన కరపత్రాలు ఎవరు తనిఖీ చేస్తున్నారు? మనవాడే రాశాడు కదా అని ఎన్ని అచ్చేశాం? డ్రాఫ్టు చదివి సరే అన్నాక ప్రెస్సు దగ్గర ఇంకో పేరా చేరిన సందర్భాలు సంఘంలో అందరికీ తెలుసు. నా సూచన ఒక్కటే. ఇకమీదట ప్రతి కరపత్రం కింద రెండు పేర్లు ఉండాలి, రాసినవారిది, తనిఖీ చేసినవారిది. తనిఖీ చేసేది డ్రాఫ్టుని కాదు, అచ్చుకి వెళ్లే కాపీనే. వచ్చే సమావేశంలో దీన్ని చర్చకు పెడతాను. అభ్యంతరాలుంటే అక్కడ చెప్పండి, పేరుతో సహా రాసుకుందాం.