ఒత్తిగిలించమ్మా

ఉగాది సంచికకు మేము ఇచ్చిన కాగితాన్ని అపశకునమని కమిటీ పెద్దలు పక్కన పెట్టారు. కోపం లేదు గానీ, అందులో ఏముందో ఇక్కడ చెప్తాం.

చిక్కపేటలో నలభై ఏళ్లు బట్టల అంగడి నడిపిన పెద్దాయన కిందటేడు క్యాన్సర్‌తో పోయారు. ఆసుపత్రివాళ్లు "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. నొప్పికి ఏం చేయాలో చెప్పలేదు. చూడ్డానికెళ్లిన మేము ముగ్గురం గుమ్మంలోనే ఆగిపోయాం. మూలుగు వీధిలోకి వినబడుతోంది.

చివరికి పాలియేటివ్ బృందం ఒకటి ఇంటికొచ్చింది. మార్ఫిన్ అనగానే కొడుకు జడిశాడు, మత్తుకు అలవాటు పడిపోతారేమోనని. నొప్పికి తగ్గ మోతాదులో ఇస్తే ఆ భయం పెట్టుకోవద్దనీ, మలబద్ధకం మాత్రం తప్పదనీ, దానికీ మందు రాస్తాననీ డాక్టరమ్మ చెప్పింది. మూడో రోజుకి ఆయన ముద్దపప్పు, నెయ్యి అడిగి నాలుగు ముద్దలు తిన్నారు.

మన బెంగళూరులోనే కరుణాశ్రయ ఉంది. ఆ ట్రస్టు 1994లో పుట్టింది. క్యాన్సర్ ముదిరినవాళ్లను పైసా తీసుకోకుండా చూస్తారు, ఇళ్లకూ వస్తారు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్న మనలో ఎంతమందికి తెలుసు?

వైద్యం వద్దని ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని 2023లో సుప్రీంకోర్టు సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దాని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ అది మిషన్లు ఎప్పుడు ఆపాలన్న మాట. అంతకుముందు నెలల తరబడి పడే నొప్పి సంగతి ఎవరు చూస్తారు? ముందుముందు మన వీధుల్లో ముసలివాళ్లే ఎక్కువ, పిల్లలు దూరాల్లో.

ఇంకొకటి. జీవితమంతా అంగట్లో కన్నడం మాట్లాడిన మనిషి, ఆఖరి వారం తెలుగు తప్ప పలకలేదు. "ఒత్తిగిలించమ్మా" అంటే సిస్టర్ పాపం మళ్లీ మళ్లీ నీళ్లు తెచ్చేది. మాలో ఒకావిడ వెళ్లి చెప్పేదాకా ఆయన వెల్లకిలానే పడున్నారు.

ఆ కాగితంలో ఉన్నవి ఇరవై మాటలే. నొప్పి, దాహం, ఆయాసం, ఒంటేలు, ఒత్తిగిలించు, దగ్గర కూర్చో. కన్నడ లిపిలో రాశాం. సిస్టర్లకే కాదు, మన మనవలకూ తెలుగు చదవడం రాదు కదా.

పదోరోజు భోజనాలకు సంఘం వంటపాత్రలు ఇస్తుంది. పదకొండు రోజుల ముందు రెండు గంటలు కూర్చునే మనుషుల్ని కూడా ఇవ్వగలదా అని అడుగుతున్నాం. ఇప్పటికి ఐదు పేర్లు వచ్చాయి. మగవాళ్లు ఒక్కరే.