బోర్లించిన అక్షరం

ఇగ్నోర్ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఊరి గ్రంథాలయానికి చందాలిచ్చినవారు రెండు వందల మందికి పైనే. ఆ జాబితాను పైథాన్‌తో వరుసలో పెడతానన్నాడు మా మేనల్లుడు. ఫైలు రాయబోతే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ అడ్డొచ్చింది. ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ అని పెట్టాడు. ‘‘అయిపోయింది మావయ్యా!’’ అన్నాడు. తెరిచి చూస్తే కామాలున్నాయి, రూపాయల అంకెలున్నాయి, ఇచ్చిన మనుషులే లేరు. పైగా రాసింది పాత ఫైలు మీదే. రైట్ మోడ్‌లో తెరిచిన క్షణానే పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రసీదు పుస్తకాలు ముందేసుకుని మూడు రాత్రులు మళ్లీ టైపు చేశాను.

ఆ ఎర్రర్ మనకు మేలే చేస్తోంది. ఈ అక్షరానికి నా దగ్గర చోటు లేదు అని ముందే మొరపెట్టుకుంటోంది. ఇంగ్లీషు సెట్టింగులున్న విండోస్‌లో మనమేమీ చెప్పకపోతే పైథాన్ ఇన్నేళ్లూ సీపీ1252 అనే పట్టిక పట్టుకుని కూర్చునేది. అందులో 256 గళ్లకు మించి లేవు, తెలుగుకు ఒక్క గడీ లేదు. ఓపెన్ దగ్గర ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే చాలు. ‘తెలుగు’ అన్న మాట 6 కోడ్లుగా, ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లలో హాయిగా కూర్చుంటుంది. పైథాన్ 3.15 వెర్షన్ నుంచి చెప్పకపోయినా అదే వాడేలా మారుస్తున్నారు. అయినా చెప్పి రాయడమే మేలు. కొత్త పేరుతో రాసి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే పాతదాని స్థానంలో పెట్టాలి.

తప్పనిసరైతే ఇగ్నోర్‌కు బదులు రీప్లేస్ ఉంది. పోయిన అక్షరానికి బదులు ప్రశ్నార్థకం పెడుతుంది. బ్యాక్‌స్లాష్‌రీప్లేస్ ఇంకా నయం, అక్షరం కోడ్ నంబరే రాసిపెడుతుంది, దాన్నిబట్టి మళ్లీ అక్షరం కట్టుకోవచ్చు. ఇగ్నోర్ మాత్రం ఇక్కడొకరు ఉండేవారన్న ఆనవాలు కూడా మిగల్చదు.

తెనాలిలో మా మేనమామ ప్రెస్సులో ఒక కంపోజిటరు ఉండేవాడు. అచ్చు అక్షరాల కేసులో ఏదైనా అక్షరం నిండుకుంటే, అంతే వెడల్పున్న మరో అక్షరాన్ని తలకిందులుగా బోర్లించేవాడు. ప్రూఫులో అక్కడ నల్లటి మచ్చ పడేది. ఆ మచ్చలు లెక్కపెట్టడం నా పని. ఒకసారి శుభలేఖలో పెళ్లికూతురి నాయనమ్మ పేరు కింద మవత్తు చాలలేదు. పొద్దున్నే కార్డులు అందించాలి. వత్తు లేకుండా లాగించెయ్, ఎవరు చూస్తారన్నాడు మావయ్య. ‘‘ఆవిడ చూస్తుందండీ’’ అని సైకిలెక్కాడాయన, నన్ను వెనక కూర్చోబెట్టుకుని. రెండు వీధులవతల ప్రెస్సు తలుపు కొట్టి, అరువడిగి, చిత్తుకాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. దారి పొడుగునా ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చెయ్యి ఆ జేబు మీదే.