పక్కలు వేసే చేతులు

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున మారియట్, దాని పక్కనే కోర్ట్ యార్డ్ ఉన్నాయి. రెండూ ఒకే సంస్థ పేరుతో నడిచేవే. ఒకసారి మా సదస్సు మొదటి దాంట్లో, బస రెండో దాంట్లో. భోజనాల దగ్గర ఒక స్నేహితురాలు అడిగింది: "రెండూ వాళ్ళవేగా, మరి రెండు పేర్లెందుకు?" ఏదో తెలిసినదానిలా "అది పెద్దది, ఇది చిన్నది" అనేశాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అప్పట్నుంచి ఎక్కడ దిగినా ఆ గదిని ఇంకో గదితో పోల్చి చూడటం అలవాటైపోయింది.

మారియట్ కి ఇప్పుడు ముప్పైకి పైగా బ్రాండ్లు. పైమెట్టు మీద రిట్జ్ కార్ల్ టన్, సెయింట్ రీజిస్, జె.డబ్ల్యు. మధ్యలో మారియట్, షెరటన్, వెస్టిన్. కింద కోర్ట్ యార్డ్, ఫెయిర్ ఫీల్డ్. నెలల తరబడి ఉండేవాళ్ళకి వంటిల్లుతో సహా రెసిడెన్స్ ఇన్. అమెరికాలో ఫెయిర్ ఫీల్డ్ లో దిగితే పొద్దుటి ఫలహారం ఉచితం, సామాను మాత్రం మనమే మోసుకోవాలి. కోర్ట్ యార్డ్ లో రాసుకోవడానికి మంచి బల్ల. వెస్టిన్ లో పరుపు, ఆ పరుపు సంగతి తర్వాత చెప్తాను. వంటిల్లున్న గదిలో దిగినప్పుడు మొదటి రాత్రే అన్నం వండాను. నన్నెవరూ వండమనలేదు. మూడో రోజు గాని ఆ మాట నాకు తట్టలేదు.

ఈ సంస్థ 1927లో వాషింగ్టన్ లో తొమ్మిది కుర్చీల రూట్ బీర్ దుకాణంగా మొదలైంది. చలికాలం వస్తే ఆ చల్లటి పానీయం ఎవరు తాగుతారు? వేడివేడిగా ఏదైనా పెట్టాలనుకున్నప్పుడు మెక్సికో రాయబార కార్యాలయం వంటవాడి దగ్గర వంటకాలు తెలుసుకొచ్చింది ఆలిస్ మారియట్. వండింది, లెక్కలూ రాసింది. అప్పటికామెకు దాదాపు ఇరవయ్యేళ్ళు. దుకాణం కాస్తా 1957లో హోటలయింది. బోర్డు మీద నిలిచింది ఇంటిపేరు.

బ్రాండ్లుగా విడిపోవడం 1983లో కోర్ట్ యార్డ్ తో మొదలైంది. దానికి ముందు నిపుణుల చేత వందలాది ప్రయాణికులను ప్రశ్నించారు. గది వైశాల్యం, ఈతకొలను, సబ్బు, రాత్రి భోజనం ఇలా యాభై అంశాలు పెట్టి, దేనికి ఎంత ఇస్తారు, ఏది లేకపోయినా సర్దుకుంటారు అని లెక్కగట్టారు. ఆ లెక్కల నుంచే కోర్ట్ యార్డ్ పుట్టింది. 1987లో ఇంకో మెట్టు కింద ఫెయిర్ ఫీల్డ్ వచ్చింది. 2016లో స్టార్ వుడ్ ని కొనడంతో షెరటన్, వెస్టిన్, సెయింట్ రీజిస్ కూడా ఇందులో కలిశాయి.

ఇదంతా చదువుతుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఏ నిపుణులూ లేకుండానే ఆవిడ ఒక్క ఇంట్లో అయిదు బ్రాండ్లు నడిపింది. పండక్కొచ్చిన అల్లుడికి పట్టెమంచం, బూరుగుదూది పరుపు, కలరా ఉండల వాసనేసే పెట్టెలోని దుప్పటి. వియ్యాలవారికి నవారు మంచం. ఇంటి మగవాళ్ళకి నులకమంచాలు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లలకి హాల్లో వరసగా పరిచిన బొంతలు. భర్త పోయిన మా మేనత్తకి వంటింటి పక్క కొట్టుగదిలో చాప. ఎవరికి ఏది దక్కాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. పట్టెమంచం నుంచి చాప దాకా అన్ని పక్కలూ వేసింది మాత్రం మా అమ్మే. పొద్దున్నే చుట్టిపెట్టిందీ ఆమే.

హోటళ్ళను పోల్చేటప్పుడు నేను మర్చిపోతున్నది ఇదే. నేను పోలుస్తున్నవన్నీ అతిథికి దక్కేవి. పక్క వేసే చేతుల వైపు నుంచి చూస్తే పోలిక ఇంకోలా ఉంటుంది. వెస్టిన్ 1999లో 'హెవెన్లీ బెడ్' అని స్వర్గం పేరు పెట్టి కొత్త పడకను తెచ్చింది. మందపాటి పరుపు, దొంతరగా దుప్పట్లు, వరసగా దిళ్ళు. మిగతా హోటళ్ళూ పోటీపడ్డాయి. 2005లో మారియట్ కూడా తన బ్రాండ్లలో పరుపులు మార్చింది. నేను ఆ పరుపు మీద హాయిగా నిద్రపోయాను, అబద్ధమెందుకు? కానీ ఆ బరువు పరుపు నాలుగు మూలలూ ఎత్తి దుప్పటి కింద దోపేది, దిళ్ళన్నిటికీ గలీబులు మార్చేది ఒక మనిషి. ఆ ఒక్క గదితో ఆమె పని అయిపోదు. అమెరికాలో అయిదు సంస్థలకు చెందిన 50 హోటళ్ళ రికార్డులు పరిశీలించి 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం, హోటల్ ఉద్యోగాలన్నిటిలోకీ ఎక్కువ గాయాలు గదులు శుభ్రంచేసేవాళ్ళకే. వాళ్ళలోనూ లాటిన్ అమెరికా మూలాలున్న స్త్రీలకు మరీ ఎక్కువ.

2014లో మారియట్ అమెరికా, కెనడా గదుల్లో కవర్లు పెట్టింది. శుభ్రంచేసిన మనిషికి కృతజ్ఞతగా ఏమైనా ఉంచమని. కంటికి కనపడని ఆ స్త్రీలను కనపడేలా చెయ్యడమే ఉద్దేశమన్నారు. జీతం పెంచితే కనపడరా అని చాలామంది అడిగారు. ఇంట్లో మన చాకిరీకి కూడా కృతజ్ఞత కావలసినంత దొరుకుతుంది కదా, మాతృదినోత్సవం నాడు.

నన్ను బాగా కుదిపింది మాత్రం తలుపుకి తగిలించే అట్టముక్క. నీళ్ళు, కరెంటు ఆదా కోసం ఇవాళ గది శుభ్రం చెయ్యొద్దని చెప్పే అట్ట. బదులుగా కొన్ని హోటళ్ళలో పాయింట్లో భోజనం కూపనో ఇచ్చేవారు. నేను ఎక్కడ దిగినా అది తగిలించేదాన్ని. పర్యావరణానికీ మంచిది, ఆమెకూ ఒక గది చాకిరీ తగ్గుతుందని సంబరపడ్డాను.

2018 అక్టోబరులో మా అమ్మాయి దగ్గర శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నాను. యూనియన్ స్క్వేర్ దగ్గర డప్పుల మోత. చైనా, ఫిలిప్పీన్స్, లాటిన్ అమెరికా ముఖాల నడివయసు స్త్రీలు ప్లకార్డులు పట్టుకుని తిరుగుతున్నారు. బతకడానికి ఒక్క ఉద్యోగం చాలాలి అన్నది నినాదం. ఎనిమిది నగరాల్లో, 23 మారియట్ హోటళ్ళలో దాదాపు 7,700 మంది చేసిన సమ్మె అది. వాళ్ళ ఫిర్యాదుల్లో నా అట్టముక్క కూడా ఉంది. ఆ అట్ట వల్ల పని గంటలు తగ్గి కూలి తగ్గిందట. పైగా మూడు రోజుల మురికి ఒక్కసారి తోమాల్సిన గది మామూలు గది కంటే కష్టమట. నేను మిగిల్చాననుకున్న శ్రమ ఆమె కూలిలోంచి పోయిందన్నమాట.

ఆ ఊళ్ళో సమ్మెలో దిగిన ఏడు హోటళ్ళలో సెయింట్ రీజిస్ ఉంది, వెస్టిన్ ఉంది, కోర్ట్ యార్డ్ ఉంది. అతిథులకు మూడు మెట్లు. రోడ్డు మీద అందరిదీ ఒకటే వరస. శాన్ ఫ్రాన్సిస్కోలో రెండు నెలలు నిలబడ్డారు. జీతాలు పెరిగాయి. ఒంటరిగా గదిలోకి వెళ్ళే స్త్రీకి ఆపద వస్తే నొక్కడానికి మీట కూడా ఒప్పందంలోకి వచ్చింది.

కోవిడ్ తర్వాత, 2023లో, అమెరికాలో ఏ బ్రాండుకి ఎంత శుభ్రమో సంస్థే మెట్లు చెప్పింది. పైమెట్టుకి రోజూ పూర్తిగా, మధ్యమెట్టుకి రోజూ పైపైన సర్దడం, కోర్ట్ యార్డ్ లాంటివాటికి రోజు విడిచి రోజు. నా స్నేహితురాలి ప్రశ్నకు ఇప్పుడైతే జవాబు చెప్పగలను. ఒక బ్రాండుకీ ఇంకో బ్రాండుకీ తేడా చాలావరకు, ఒక స్త్రీ ఆ గదిలోకి ఎన్నిసార్లు వచ్చి ఎంతసేపు వంగి పనిచేస్తుందన్నదే.

నేను హోటళ్ళలో దిగడం మానలేదు. అట్ట తగిలించడం మానేశాను. తెలుసుకున్న తర్వాత నేను చేసింది అంతే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మనడిగాను: "అందరికీ పక్కలు వేసేదానివి కదా, నువ్వెక్కడ పడుకునేదానివే?" అమ్మ కాసేపు ఆలోచించింది. "ఏమోనే, గుర్తులేదు. పొద్దున్నే నాలుగింటికి లేవడం మాత్రం గుర్తుంది" అంది.

ఆ రాత్రి అమ్మకి నేనే పక్క వేశాను. దుప్పటి అంచులు సరిగా దోపలేదని మళ్ళీ లేచి తనే దోపుకుంది.