గోలు కాచేవాడు

ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికలో పడుతుంది. ఆపినవాడి పేరు పడాలంటే మాత్రం అతగాడు ఒక్కసారైనా బంతిని వదిలెయ్యాలి! పదిసార్లు పట్టుకుంటే అది అతని విధి. పదకొండోసారి చేజారిందా, తిట్టనివాడు పాపాత్ముడు. ఇల్లాలి వంట కూడా అంతే గదా! కూర కుదిరినన్నాళ్లూ మారుమాట్లాడకుండా తింటాం. ఉప్పు ఎక్కువైననాడే నోరు లేస్తుంది.

మా జహీరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదులో, 1935లో పుట్టాడు పీటర్ తంగరాజ్. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆడి, 1953లో సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టి చప్పట్లు అందుకునే చోటన్నమాట. ఆ చోటు విడిచి స్తంభాల మధ్యకు వెళ్లాడు. ఆరడుగులు దాటిన ఆ మనిషికి అదే అచ్చివచ్చింది. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్లలో ఉన్నాడు. 1958లో ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1967లో అర్జున పురస్కారం అందుకున్నాడు.

అయితే నా మనసులో నిలిచిపోయిన ఘట్టం 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనలు. సెమీఫైనల్లో గోలు కాచింది ప్రద్యోత్ బర్మన్. తంగరాజ్ అప్పుడే ఫ్లూ జ్వరం నుంచి కోలుకుంటున్నాడు. అయినా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయనా హైదరాబాదువాడే, ఫైనలుకు తంగరాజ్‌నే దింపాడు. ఎదుట దక్షిణ కొరియా. చూసే జనమంతా మనకు వ్యతిరేకం. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ మరొకటి కొట్టారు. ఆట ముగియవస్తుండగా కొరియా ఒకటి కొట్టింది. 2–1తో బంగారు పతకం మనదయింది. మన రెండు గోల్స్‌కీ ఎదురుగా రెండు పేర్లున్నాయి. తంగరాజ్ ఖాతాలో పడ్డది మాత్రం ఆ చేజారిన ఒక్కటే! ఆపినవాటికి పద్దు రాసేదెవరు?

2008 నవంబరులో ఆయన బొకారోలో కన్నుమూశాడు.

మొన్న మా కళాశాల జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. గోలు కాచిన కుర్రవాడు మర్నాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "ఉరుకనీకి చేతగాదని నన్ను గోల్‌ల నిలబెట్టిన్రు సార్. ఇగ ఆడ" అన్నాడు. చెరకు తోటల్లో కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ. ఇంట్లో చదువే చాలదా అంటున్నారట. నేను తంగరాజ్ కథ చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు:

"ఆ గోలు పడ్డంక ఏం చేసిండు సార్?"

"ఏం చేస్తాడయ్యా? ఆట ఇంకా మిగిలే ఉంది. నిలబడ్డాడు" అన్నాను.

వాడు తల ఊపి వెళ్లాడు. మళ్లీ ఆడతాడో లేదో ఇంకా తెలియదు. ఆడితే మాత్రం, వాడు ఆపిన బంతుల లెక్క నేను రాసిపెడతాను.