మైళ్ల హిసాబ్

మజ్బూరీతో నడిచేవాణ్ని ఎవరూ తలెత్తి చూడరు. అదే నడకకు షర్త్ కడితే టికెట్ కొని మరీ వస్తారు. 1870లలో అమెరికా, ఇంగ్లండుల్లో ఈ తమాషా జోరుగా సాగింది. పెద్ద హాల్లో గుండ్రటి బాట వేసి, ఆరు రోజులు దాని చుట్టూ నడిచేవాళ్లు. ఆదివారం ఆటలకు ఇజాజత్ లేదు కాబట్టి ఆ అర్ధరాత్రి దాటగానే మొదలు, శనివారం అర్ధరాత్రికి ఖతం. బాట పక్కనే మంచం. ఎంత నిద్రపోతే అంత వెనకబడ్డట్టే.

ఈ కిస్సాల్లో నాకు దగ్గరగా అనిపించినవాడు డేనియల్ ఒలీరీ. ఐర్లండు నుంచి షికాగో చేరిన గరీబు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. మా అబ్బా కూడా అంతే, భుజాన బట్టల మూటతో ఊరూరా పైదల్ తిరిగేవాడు. రాత్రి అమ్మీ పెట్టిన వేణ్నీళ్ల తపేలాలో కాళ్లుంచి ఆ రోజు హిసాబ్ చెప్పేవాడు. ఎంత అమ్మిందీ, ఎవరు ఉద్దర పెట్టిందీ. మైళ్ల హిసాబ్ మా ఇంట్లో లేదు.

ఒలీరీ మైళ్లను మాత్రం లోకం లెక్కరాసుకుంది. 1875లో షికాగోలో, అప్పటికే నడకకు బాద్షా అనిపించుకున్న ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్‌తో ముఖాబలా. ఆరు రోజుల్లో వెస్టన్ 451 మైళ్లు, ఒలీరీ 503.

తర్వాత ఒలీరీ పేరిటే ఒక బెల్టు పెట్టారు. 1880 ఏప్రిల్‌లో, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దాన్ని గెలిచింది ఫ్రాంక్ హార్ట్. హైతీలో పుట్టి, బోస్టన్‌లో కిరాణా కొట్టులో పనిచేసిన నల్లజాతి మనిషి. ఆ పందెంలో పరుగుకూ ఇజాజత్ ఉంది. మొత్తం 565 మైళ్లు. అమెరికాలో గులామీ రద్దయి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు.

ఇప్పటి రేస్ వాక్‌లో కానూన్ సఖ్త్. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉన్నట్టు కంటికి కనబడాలి. ముందుకేసిన కాలు నేల తాకినప్పటి నుంచి నిటారుగా నిలిచేదాకా మోకాలు వంగకూడదు. ముగ్గురు జడ్జీలు రెడ్ కార్డు రాస్తే శిక్షే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మలప్పురం కుర్రవాడు కె.టి. ఇర్ఫాన్ ఇదే కానూన్ కింద 20 కిలోమీటర్లు నడిచి పదోవాడిగా వచ్చాడు. మా డెస్కులో అది సింగిల్ కాలమ్. మెడల్ రాలేదుగా!

మీ ఇంట్లోనూ ఇలా నడిచిన కాళ్లు ఉండే ఉంటాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచారో జర అడగండి. దూరం కట్టి, ఎక్కడైనా రాసిపెట్టండి.